సొంతిల్లు, అద్దెయిల్లు, ఊరి ఇల్లు: ఏది ఎవరికి తృప్తినిస్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక ఇంటికి నెలజీతం రావడం మొదలైతే చాలు, "ఇంకా ఎన్నాళ్లు అద్దెలు కడతావు?" అని బంధువులు అడగడం మొదలవుతుంది. సొంతిల్లు ఏర్పడితే జీవితం స్థిమితపడుతుందని, మనిషి ఇప్పటికంటే సంతోషంగా ఉంటాడని ఆ ప్రశ్న వెనుక ఒక నమ్మకం ఉంది. అది చాలావరకు నిజమే, కాని ఏ ఇల్లయినా, ఏ వయసులోనైనా, ఎంత అప్పు చేసైనా అన్నంత నిజం కాదు. అద్దెకు ఉండటం, పట్టణంలో ఫ్లాటు కొనడం, స్థలం కొని ఇల్లు కట్టుకోవడం, ఊళ్లోని పిత్రార్జితపు ఇంటిని బాగుచేసుకోవడం అనే నాలుగు దారుల మధ్య తేల్చుకోలేకపోతున్న వారి కోసం ఈ వ్యాసం. పదేళ్ల తరువాత ఆ ఇంటి ధర ఎంత పలుకుతుందన్నది ఇక్కడి ప్రశ్న కాదు. పదేళ్లు అందులో బతికాక మన జీవితం మనకు ఎలా అనిపిస్తుందన్నదే ప్రశ్న.

## ఇల్లు, తృప్తి: పరిశోధనలు తేల్చినది

జర్మనీలో ఏటేటా అవే కుటుంబాలను పలకరించే ఒక దీర్ఘకాలిక సర్వే ఉంది. ఇప్పుడు మీ జీవితం మీకు ఎంత తృప్తిగా ఉంది, అయిదేళ్ల తరువాత ఎంత తృప్తిగా ఉంటుందనుకుంటున్నారు అని అందులో అడుగుతారు. ఆ సమాచారం ఆధారంగా రెటో ఓడర్మాట్, అలోయిస్ స్టట్సర్ అనే ఆర్థికవేత్తలు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. సొంతింట్లోకి మారిన వారి తృప్తి నిజంగానే పెరిగింది, కాని వారు ముందుగా ఊహించుకున్నంత పెరగలేదు. డబ్బుకూ హోదాకూ ఎక్కువ విలువనిచ్చే వారిలో ఈ ఊహకూ వాస్తవానికీ మధ్య దూరం ఎక్కువగా కనిపించింది. కుటుంబానికీ స్నేహాలకూ విలువనిచ్చే వారి అంచనా మాత్రం దాదాపు సరిపోయింది. నలుగురూ చూడాలని కట్టిన ఇల్లు ఇచ్చే ఆనందం త్వరగా పాతబడుతుందని, మనం బతకడానికి కట్టుకున్న ఇల్లు ఇచ్చే తృప్తి నిలుస్తుందని దీన్ని బట్టి నేను అర్థం చేసుకుంటాను.

అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో సుమారు 600 మంది మహిళలపై గ్రేస్ వాంగ్ బుకియనేరి జరిపిన పరిశీలన ఇంకాస్త కటువైన మాట చెబుతుంది. ఆదాయం, ఆరోగ్యం, ఇంటి నాణ్యత వంటివి సమానంగా ఉన్న వారిని పోల్చి చూస్తే, సొంతిల్లు ఉన్న వారు అద్దెకు ఉన్న వారికంటే సంతోషంగా ఉన్నట్టు ఆమెకు ఆధారం దొరకలేదు. అంటే సొంతిల్లు ఉన్న వారిలో మనకు కనిపించే సంతోషంలో కొంత, వారికి అప్పటికే ఉన్న ఆదాయం వల్లనో ఆరోగ్యం వల్లనో వచ్చినది.

దీనికి పూర్తిగా మరో వైపు మెక్సికో అనుభవం ఉంది. అక్కడ పేదల ఇళ్లలో మట్టినేల తీసి సిమెంటు నేల వేసే ప్రభుత్వ కార్యక్రమం ఒకటి నడిచింది. దాని ఫలితాలపై 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం పిల్లల్లో నులిపురుగులు, విరేచనాలు, రక్తహీనత తగ్గాయి. తల్లుల్లో దిగులు, మానసిక ఒత్తిడి తగ్గి, జీవితం పట్ల తృప్తి పెరిగింది. యాజమాన్యం ఎవరిదన్నది అక్కడ మారలేదు, కాళ్ల కింద నేల మాత్రమే మారింది. వాన కురిసినప్పుడల్లా గిన్నెలు పెట్టి నీళ్లు పట్టుకునే పెంకుటింటి నుంచి స్లాబు ఇంట్లోకి మారిన మన పల్లె కుటుంబాలకు దీని అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

ఈ విదేశీ ఫలితాలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకూడదు. జర్మనీలో అద్దెదారుకు చట్టరక్షణ బలంగా ఉంటుంది, కాబట్టి అక్కడ అద్దెకు ఉండటంలో అభద్రత తక్కువ. స్విట్జర్లాండ్‌లో సొంతింట్లో ఉండే కుటుంబాలు 40 శాతం కూడా లేవు, అక్కడ అద్దెకు ఉండటాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 86.6 శాతం కుటుంబాలు సొంతింట్లోనే ఉన్నాయి. పల్లెల్లో అది 94.7 శాతం, పట్టణాల్లో 69.2 శాతం. ఊరంతా సొంతిళ్లలో ఉన్నప్పుడు లేని వాడికి ఆ లోటు రెట్టింపుగా తోస్తుంది. ఆ భావన నిజమైనదే, దాన్ని తీసిపారేయకూడదు. కాని ఆ ఒక్క భావన మీదే ఇరవై ఏళ్ల అప్పు తలకెత్తుకోకూడదు.

## ముందుగా కొలవవలసినవి

ఇంటి వల్ల వచ్చే తృప్తిని అయిదు భాగాలుగా విడదీసి చూడటం మంచిది. మొదటిది నిలకడ, అంటే ఎప్పుడు ఖాళీ చేయమంటారోనన్న బెంగ లేకపోవడం. రెండోది ఇంటి గుణం: గాలి, వెలుతురు, నీళ్లు, మరుగుదొడ్డి, ఎండకూ వానకూ తుపానుకూ తట్టుకోవడం. మూడోది దూరం: పని, బడి, ఆసుపత్రి, అయినవాళ్లు ఎంత దగ్గరలో ఉన్నారన్నది. నాలుగోది అప్పు బరువు. అయిదోది కదిలే వీలు, అంటే బదిలీ వచ్చినా మంచి ఉద్యోగం వచ్చినా అడ్డం లేకుండా వెళ్లగలగడం.

గృహప్రవేశం నాటి గౌరవాన్ని ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు. అది నిజమైన ఆనందమే, కాని అన్నిటికంటే ముందుగా అలవాటైపోయేది అదే. రోజూ అరవై కిలోమీటర్లు ప్రయాణం చేసే అలసట మాత్రం అలవాటు కాదు. ఎక్కువ దూరం ప్రయాణించి పనికి వెళ్లే వారు, ఆ కష్టానికి తగ్గ జీతమో ఇల్లో దొరికినా, తక్కువ తృప్తితో ఉంటున్నారని స్టట్సర్, బ్రూనో ఫ్రే కలిసి జర్మనీ సమాచారంతోనే చూపించారు. విజయనగరంలో ఇల్లు కొనుక్కుని రోజూ రైలులో విశాఖకు వెళ్లివచ్చే ఉద్యోగి ఈ మాటను కాగితం మీద కాదు, తన ఒంటి మీదే చదువుకుంటాడు.

| కొలమానం | అద్దెయిల్లు | ఫ్లాటు | స్థలం కొని కట్టిన ఇల్లు | ఊరి ఇల్లు |
|---|---|---|---|---|
| నిలకడ | తక్కువ, యజమానిని బట్టి | ఎక్కువ | ఎక్కువ, పత్రాలు సరిగా ఉంటే | ఎక్కువ, పంపకాలు తేలితే |
| ఇంటి గుణం | నచ్చకపోతే మారవచ్చు, మార్చలేము | ఎంచుకోవచ్చు, తరువాత మార్చడం కష్టం | మన చేతిలో ఉంటుంది | ఖర్చు పెడితే బాగుపడుతుంది |
| దూరం | పనికి దగ్గరగా ఉండవచ్చు | సాధారణంగా పట్టణం మధ్యలో | తరచుగా ఊరి అంచున | అయినవాళ్లకు దగ్గర, పనికి దూరం |
| అప్పు బరువు | లేదు | ఎక్కువ | ఎక్కువ, అంచనా దాటే ప్రమాదం | తక్కువ లేదా మధ్యస్థం |
| కదిలే వీలు | పూర్తిగా ఉంది | అద్దెకిచ్చి వెళ్లవచ్చు | అద్దెకివ్వవచ్చు, అమ్మడం నిదానం | అమ్మడం చాలా కష్టం |

## అద్దెయిల్లు

అద్దె కట్టడం డబ్బును గాలికి వదిలేయడమేనన్న వాదన మన వైపు బలంగా వినిపిస్తుంది. లెక్క చూస్తే అంత సులువుగా తేలదు. 30 లక్షల గృహరుణాన్ని 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 26,000 రూపాయల వాయిదా పడుతుంది. మొదటి నెల కట్టే ఆ మొత్తంలో 21,250 రూపాయలు వడ్డీయే, అసలులోకి వెళ్లేది అయిదు వేలు కూడా ఉండదు. వడ్డీ మారకపోతే గడువు ముగిసేసరికి కట్టినది సుమారు 62 లక్షల 50 వేలు. అద్దె తిరిగి రాదన్నది ఎంత నిజమో, వడ్డీ తిరిగి రాదన్నది కూడా అంతే నిజం. అదే స్థాయి ఇంటికి మీ వీధిలో అద్దె ఎంతో కనుక్కుని, ఆ అద్దెకూ వాయిదాకూ మధ్య తేడాను ప్రతి నెలా తప్పకుండా దాచగలిగే వారికి అద్దెయిల్లు నష్టం కాదు. దాచలేని వారికి మాత్రం రుణవాయిదా ఒక బలవంతపు పొదుపుగా పనికొస్తుంది. మనం ఏ కోవకు చెందుతామో నిజాయితీగా ఒప్పుకోవడమే ఇక్కడి అసలు కష్టం.

అద్దెయింట్లో తృప్తిని తినేసేది డబ్బు కాదు, నిలకడ లేకపోవడం. మన పట్టణాల్లో చాలావరకు ఒప్పందాలు నోటిమాటవే, లేదంటే పదకొండు నెలల కాగితం; ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ చేయించాలన్న లెక్కతో పదకొండు నెలల వద్దే ఆగిపోతారు. ఇంటివారి అబ్బాయికి పెళ్లి కుదిరితే ఖాళీ చేయవలసి వస్తుంది. కులం అడుగుతారు, మాంసం వండుతారా అని అడుగుతారు, నెలకు ఎందరు చుట్టాలు వస్తారని కూడా అడుగుతారు. గోడకు మేకు కొట్టాలన్నా, మోటారు వేయాలన్నా పైవాటా వారి ముఖం చూడాలి.

వీటన్నిటికంటే లోతైనది మరొకటి ఉంది, దాన్ని ఏ సర్వే ప్రశ్నాపత్రమూ అడగదు. అద్దెయింట్లో పెద్దవాళ్లు కన్నుమూస్తే భౌతికకాయాన్ని లోపలికి తేనివ్వని యజమానులు ఉన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకువెళ్లవలసి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి; పదిరోజుల కార్యక్రమాలు ఎక్కడ జరుపుకోవాలో తెలియక ఊరికి పరుగెత్తినవారు ఉన్నారు. ఒంట్లో బాగాలేని తల్లిదండ్రులు "నాకంటూ ఒక గడప ఉంటే చాలు" అన్నప్పుడు వారు అడుగుతున్నది ఆస్తి కాదు, గౌరవంగా వెళ్లిపోయే చోటు. ఇంట్లో వృద్ధులు ఉన్నవారు నిలకడ అనే కొలమానానికి మిగతా నాలుగిటికంటే ఎక్కువ బరువు ఇవ్వడం సబబేనని నా గట్టి అభిప్రాయం.

బదిలీల ఉద్యోగాలవారు, పెళ్లికానివారు, పైడిభీమవరం వైపు మందుల పరిశ్రమల్లో కొత్తగా చేరినవారు తొలి అయిదేళ్లు అద్దెకు ఉండటమే మేలు. ఆ వయసులో కదిలే వీలు విలువైనది. సొంతిల్లు ఉన్నవారు వేరే ఊళ్లో పని దొరికినా కదలలేకపోతారని, సొంతిళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో నిరుద్యోగం కూడా ఎక్కువగా కనిపిస్తుందని ఆండ్రూ ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్త 1990లలోనే వాదించారు. ఆ వాదన మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అయితే కొత్తగా కట్టిన ఇంటిని విడిచిపెట్టలేక హైదరాబాదులో మంచి ఉద్యోగాన్ని వదులుకున్న వారు మన పట్టణాల్లో వీధికొకరు కనిపిస్తారు.

## పట్టణంలో ఫ్లాటు

శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ పాత పెద్ద ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఫ్లాటులోని ప్రధానమైన మేలు దూరం. బజారు, బడి, ఆసుపత్రి, బస్టాండు దగ్గరగా ఉంటాయి. తలుపు తాళం వేసుకుని నెల రోజులు ఊరికి వెళ్లినా భయం ఉండదు. పిల్లలు దూరాన ఉన్న విశ్రాంత దంపతులకు పక్క తలుపు కొడితే పలికే మనిషి ఉంటాడు. ఒంటరిగా ఉండే వృద్ధులకు ఈ చివరి విషయం పెద్ద ధైర్యం.

ఇబ్బందులు కొన్నాళ్లకు గాని బయటపడవు. లిఫ్టు, మోటారు, కాపలాదారు ఖర్చులు నెలనెలా ఉంటాయి, వాటిపై సంఘంలో తగవులూ ఉంటాయి. మన వాటాకు వచ్చే నేల గజాల లెక్కన చాలా తక్కువ; భవనం పాతబడేకొద్దీ విలువ మిగిలేది ఆ నేలకే. పత్రంలో అవిభక్త వాటా ఎన్ని గజాలని రాశారో తప్పకుండా చూడాలి. ఇళ్ల నిర్మాణ వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం 2016లో వచ్చాక, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టు నమోదు కావాలి, కార్పెట్ వైశాల్యం (గోడల లోపల మనం వాడుకునే నేల) ప్రకటించాలి, కొనుగోలుదారుల డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. నిర్మాణంలో లోపం అయిదేళ్లలోపు బయటపడితే బిల్డరే సరిచేయాలి. చిన్న పట్టణాల్లో ఈ పరిమితికి లోబడి అయిదారు ఫ్లాట్లతో కట్టేవే ఎక్కువ. అటువంటి చోట ఈ రక్షణలు లేవని తెలిసే కొనాలి.

ఖర్చు విషయంలో చాలామంది ధర ఒక్కటే చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం అవుతాయి. 40 లక్షల ఇంటికి అది 3 లక్షలు. 30 లక్షల వరకు రుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా, అంతకు మించి 75 లక్షల దాకా 80 శాతం వరకే బ్యాంకులు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా ఆ విలువలో కలవదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే జీఎస్టీ అదనం. ఆదాయపు పన్ను మిగులుతుందన్న ఆశ కూడా పాత విధానంలో ఉన్నవారికే చెల్లుతుంది. కొత్త విధానం ఎంచుకున్నవారికి సొంతంగా ఉండే ఇంటి వడ్డీపై మినహాయింపు లేదు.

## స్థలం కొని కట్టుకోవడం

మన జిల్లాల వారి మనసు మొగ్గేది దీనివైపే. నేల మనది, గోడ మనది, పెరట్లో ఒక కరివేపాకు మొక్క, కొబ్బరి చెట్టు మనవి. పిల్లలు పెరిగితే పైన ఒక అంతస్తు వేసుకోవచ్చు. కింద వాటా అద్దెకిచ్చి ఆ డబ్బుతో వాయిదాలో కొంత కట్టుకోవచ్చు. తృప్తి దృష్ట్యా చూస్తే, ఇంటి గుణాన్ని పూర్తిగా మన చేతిలో ఉంచే దారి ఇదొక్కటే.

ఆ అవకాశాన్ని ఎక్కడ ఖర్చు చేస్తున్నామన్నదే నన్ను కలవరపెట్టే విషయం. వీధి వైపు ఎలివేషన్‌కు, టీవీ గోడ అలంకరణకు లక్షలు పోసి, వంటగదికి ఒక్క చిన్న కిటికీ పెట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ వంటగదిలో మే నెల మధ్యాహ్నం నిలబడి చూడండి: పడమటి గోడ వేడి వీపుకు తగులుతుంది, స్లాబు సెగ పైనుంచి దిగుతుంది, పొయ్యి సెగ ఎదురుగా ఉంటుంది, చెమట కళ్లలోకి కారుతుంది, గాలి వచ్చే దారి ఎక్కడా ఉండదు. ఆ ఇంటి ఇల్లాలు రోజుకు నాలుగు గంటలు గడిపేది అక్కడే. ఎలివేషన్ వల్ల వచ్చిన ఆనందం ఆరు నెలల్లో పాతబడుతుంది, ఆ ఉక్క మాత్రం ప్రతి వేసవికీ కొత్తగానే ఉంటుంది. ఎదురెదురు కిటికీలు, వెడల్పాటి సన్‌షేడ్‌లు, స్లాబుపై వేడి తగ్గించే పూత, గచ్చు ఎత్తు పెంచడం, వాన నీరు పోయే వాలు, ఇంట్లోంచే వెళ్లగలిగే మరుగుదొడ్డి: ముందు వీటికి డబ్బు కేటాయించి, మిగిలితేనే అలంకరణకు వెళ్లాలి.

తుపాను మరో లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ మన ఇళ్లకు పెట్టిన పరీక్షలు. రేకుల కప్పులు ఎగిరిపోయాయి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు రాలేదు. తీరానికి దగ్గరగా కట్టేవారు ఇనుముపై కాంక్రీటు పొర తగినంత మందంగా ఉండేలా చూసుకోవాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన చువ్వ స్లాబును లోపలినుంచే పగలగొడుతుంది. నాగావళి, వంశధారల పక్కన, చెరువు గర్భాల్లో వేసిన లేఅవుట్లలో ధర తక్కువగా ఉండటానికి కారణం ఏమిటో వానాకాలంలో ఒకసారి వెళ్లి చూస్తే తెలుస్తుంది. స్థలాన్ని ఎండాకాలంలో చూసి బేరమాడకండి.

కట్టే కాలం కూడా కఠినమైనదే. బ్యాంకు రుణాన్ని పునాది, స్లాబు, గోడలు అంటూ దశలవారీగా విడుదల చేస్తుంది; అప్పటిదాకా తీసుకున్న మొత్తంపై వడ్డీ, ఉంటున్న ఇంటి అద్దె రెండూ కలిసి పడతాయి. ఇసుక దొరకదు, మేస్త్రి మరో పనికి వెళ్లిపోతాడు, వాన వస్తే సెంట్రింగ్ ఆగుతుంది. అంచనాపై కనీసం ఐదో వంతు అదనంగా చేతిలో ఉంచుకోనివారు ఆ లోటును బయట ఎక్కువ వడ్డీకి తెస్తారు. సగం కట్టిన ఇంట్లో కాపురం, నెల తిరిగేసరికి గుమ్మంలో అప్పులవాడు, ఈ రెండూ కలిసిన చోట సొంతింటి ఆనందం ఏమీ మిగలదు.

స్థలం ఒక్కటే కొని వదిలేయడం గురించి క్లుప్తంగా చెబుతాను. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి చుట్టుపక్కల మండలాల్లో ప్లాట్లు జోరుగా అమ్ముతున్నారు. అది పెట్టుబడి కావచ్చు, ఇల్లు మాత్రం కాదు. దాని వల్ల పైన చెప్పిన అయిదింటిలో ఒక్కటీ నెరవేరదు, అప్పు బరువు మాత్రం వచ్చి చేరుతుంది.

## ఊరి ఇల్లు

వలసలు ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో ఈ నాలుగో దారి గురించి తగినంత ఆలోచన జరగడం లేదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి, విజయనగరం పల్లెల నుంచి హైదరాబాదు, చెన్నై, విశాఖకు, తీరగ్రామాల నుంచి గుజరాత్‌లోని వీరావల్ వంటి రేవులకు పనికి వెళ్లినవారు సంపాదనలో పెద్ద భాగాన్ని ఊళ్లో మేడ కట్టడానికే పెడతారు. తీరా చూస్తే ఆ మేడలో ఏడాదికి పదకొండు నెలలు తల్లిదండ్రులు ఇద్దరే ఉంటారు. పై అంతస్తుకు తాళం. మెట్లు ఎక్కలేని వారికి రెండంతస్తుల ఇల్లు ఊడ్చుకోవడం ఒక పని.

మన పాత పల్లెల ఇళ్లు వీధి పొడవునా ఒకదానికొకటి ఆనుకుని ఉమ్మడి గోడలతో ఉంటాయి. ముందు అరుగు, వెనక్కి వెనక్కి సాగే గదులు, చివర పెరడు. లోపలి గదుల్లో చీకటి, గాలి తక్కువ అన్నది నిజం. కాని సాయంత్రం అరుగు మీద కూర్చున్న ముసలమ్మను వీధిలో వెళ్లే ప్రతి మనిషీ పలకరిస్తాడు. ఆ ఇల్లు పడగొట్టి, ప్రహరీ, ఇనుప గేటు పెట్టి కట్టిన కొత్త ఇంట్లో సౌకర్యం పెరుగుతుంది, పలకరింపు తగ్గుతుంది. పెద్దవాళ్ల తృప్తికి ఆ పలకరింపు ఎంత అవసరమో కట్టే కొడుకులు ఒకసారి ఆలోచించాలి. అరుగును ఉంచి, నడింటికి పైనుంచి వెలుతురు వచ్చేలా చేసి, మరుగుదొడ్డిని పెరటి చివర నుంచి పడకగది పక్కకు తెచ్చి, గచ్చు జారకుండా వేయించి, పట్టుకునేందుకు గోడకు కడ్డీ బిగిస్తే, కొత్త మేడ ఖర్చులో చిన్న భాగంతోనే ఎక్కువ మేలు జరుగుతుంది. ఉద్దానంలో అయితే ఇంటికంటే ముందు నీళ్లు, ఆసుపత్రి చూడాలి. మూత్రపిండాల జబ్బుతో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి పలాసకు ఎంత దగ్గరలో ఉన్నామన్నదే ఏ మేడకంటే ముఖ్యం.

కాగితాల విషయంలో ఊరి ఇల్లు చిక్కుగా ఉంటుంది. గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని ఇళ్లకు చాలాచోట్ల సరైన పత్రాలు ఉండవు కాబట్టి బ్యాంకు రుణం దొరకడం కష్టం. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం ఇటువంటి ఇళ్లకు డ్రోన్ సర్వే ద్వారా ఆస్తి కార్డులు ఇవ్వడానికి ఉద్దేశించినదే. అన్నదమ్ముల పంపకం నోటిమాటగా మిగిలిపోతే, డబ్బు పెట్టి కట్టినవాడికే తగవు చుట్టుకుంటుంది. ఆడపిల్లలకూ పిత్రార్జితంలో సమానవాటా ఉందని గుర్తుంచుకుని, వారి సమ్మతి రాతపూర్వకంగా తీసుకున్నాకే పునాది తీయాలి. ఇల్లు కట్టి అక్కచెల్లెళ్లను పోగొట్టుకున్నవారికి ఆ ఇల్లు ఏ తృప్తీ ఇవ్వదు.

## ఎవరికి ఏది

బదిలీలు తప్పని ఉపాధ్యాయ, బ్యాంకు, పోలీసు ఉద్యోగులు పిల్లల చదువు ఏ పట్టణంలో సాగాలో తేల్చుకునేదాకా అద్దెకు ఉండటం మంచిది. చదువు స్థలం ఖరారైతే అక్కడ ఫ్లాటు కొనవచ్చు, ఎందుకంటే రేపు బదిలీ అయినా దాన్ని అద్దెకివ్వడం సులువు.

పదవీ విరమణకు దగ్గరైనవారు చేతికి వచ్చే మొత్తాన్నంతా కొత్త ఇంట్లో పోయకూడదు. ఆసుపత్రికి అరగంటలో చేరగలిగే చిన్న ఇల్లు, లిఫ్టు ఉన్న ఫ్లాటు, లేదా బాగుచేసిన ఊరి ఇల్లు చాలు. పిల్లలు సంక్రాంతికి, సిరిమాను సంబరానికి వచ్చే నాలుగు రోజుల కోసం నాలుగు పడకగదులు కట్టి, మిగతా ఏడాదంతా మందుల ఖర్చుకు వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

వలస వెళ్లినవారిని ఒకటి అడుగుతాను: మీరు ఏటా ఎన్ని నెలలు ఆ ఇంట్లో ఉంటారు? రెండు నెలలు కూడా కాకపోతే, ఊళ్లో తల్లిదండ్రుల సౌకర్యం మేరకు ఖర్చు పెట్టి, మీ భార్యాబిడ్డలు పనిచోట ఉంటున్న ఇరుకు గది నుంచి కాస్త మెరుగైన వాటాకు మారడానికి మిగతాది వాడండి. ఊరిలో మేడ కోసం నగరంలో పిల్లలను ఒకే గదిలో పదేళ్లు పెంచడం న్యాయమైన మార్పిడి కాదు.

రోజుకూలితో బతికే కుటుంబాల విషయం వేరు, వారికి ఈ వ్యాసంలోని జాగ్రత్తలు చాలా వర్తించవు. ఇంటిస్థలం పట్టా ఉన్నవారు, విజయనగరం దగ్గర గుంకలాం వంటి కాలనీల్లో స్థలం వచ్చినవారు, ఆలస్యం చేయకుండా చిన్నదైనా పక్కా ఇల్లు కట్టుకోవడమే మంచిది. బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో ఆక్రమణ భూములకు హక్కుపత్రాలు పొందిన పేద కుటుంబాలు, పొందని పొరుగువారికంటే ఇంటిపై ఎక్కువ ఖర్చు చేశాయని, వారి పిల్లలు ఎక్కువ చదువుకున్నారని ఒక అధ్యయనం తేల్చింది. పేదవాడికి హక్కుపత్రం అంటే హోదా కాదు, రేపటి గురించి ఆలోచించే వెసులుబాటు. అయితే కూలిపని పట్టణంలో ఉండి, కాలనీ దూరంగా ఉంటే రోజూ ఆటో ఖర్చు కూలిలో ఎంత తింటుందో ముందే చూసుకోవాలి. పట్టా భార్య పేరున ఉంటే అలాగే ఉండనివ్వండి. తాగి వచ్చిన మనిషి "నా ఇంట్లోంచి పో" అనలేని స్థితి ఒక స్త్రీ జీవితంలో ఎంత మార్పు తెస్తుందో, అది అనుభవించిన ఆమెకే తెలుసు. స్తోమత ఉన్న ఇళ్లలో కూడా భార్యాభర్తలిద్దరి పేరునా రిజిస్టరు చేయించడం మంచిది.

## సంతకానికి ముందు

కొనాలని నిర్ణయించుకున్నవారు వెనకటి లింకు పత్రాలు, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లేఅవుట్ అనుమతి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా నాలుగూ చూసుకోవాలి. ప్రభుత్వం పేదలకు కేటాయించిన డి పట్టా భూమిని తక్కువ ధరకు ఇస్తామంటే ఆశపడకూడదు. వాయిదా మొత్తం చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకుండా, ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము పక్కన ఉండేలా, రుణం మేరకు టర్మ్ బీమా ఉండేలా చూసుకోవాలి.

అప్పటికీ మనసు తేలకపోతే ఒక పని చేయవచ్చు. మీరు కొనాలనుకుంటున్న పేటలోనే ఒక వాటా అద్దెకు తీసుకుని, ఒక వేసవి, ఒక వానాకాలం కలిసివచ్చేలా ఏడాది ఉండండి. ఆ ఏడాదంతా, కట్టవలసిన వాయిదాకూ ఇస్తున్న అద్దెకూ మధ్య తేడాను ప్రతి నెలా ఒకటో తేదీన రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయో, వీధిలో నీరు ఎక్కడ నిలుస్తుందో, పిల్లలు బడికి ఎంతసేపట్లో చేరుతారో, అమ్మానాన్నలకు పొరుగున ఎవరైనా కలిశారో అప్పటికి తెలుస్తుంది. డిపాజిట్ ఒక్క నెల కూడా తప్పకపోతే ఆ సొమ్ముతో అక్కడే ఇల్లు చూడటం మొదలుపెట్టండి. మూడు నాలుగు నెలలు తప్పితే రుణం మొత్తాన్ని తగ్గించుకోండి, లేదా మరికొన్నాళ్లు ఆగండి.